తిరగరాతలో పాత్ర పలకకపోతే

నవల మొదటి ప్రతిని నెల్లాళ్లు బీరువాలో పడేసి మళ్లీ తీశారు. కథంతా గుర్తుంది, మనుషులే కొత్తవాళ్లలా ఉన్నారు. ఎక్కడ తేడా కొట్టిందో చూద్దాం.

సమస్య: అందరూ ఒకేలా మాట్లాడుతున్నారు

‘అన్నాడు’, ‘అంది’ కొట్టేస్తే ఏది ఎవరి మాటో తెలియదు.

కారణం: అందరి నోటా మీరే మాట్లాడుతున్నారు. యాస పెడితే సరిపోతుందనుకుంటాం గానీ, ‘వచ్చాడు’ను ‘వచ్చిండు’ చేసినంత మాత్రాన కరీంనగర్ మనిషి తయారవడు.

పరిష్కారం: ఒక్క పాత్ర మాటలన్నీ వేరే ఫైల్లోకి తెచ్చి పైకి చదవండి. తర్వాత ఆ పాత్రను ఎవరెవరు ఏమని పిలుస్తారో రాసుకోండి. సుశీల అనే టీచరమ్మ ఉందనుకుందాం. బడిలో ‘మేడమ్’, తల్లికి ‘బుజ్జి’, ఆడపడుచుకు ‘వదినా’, అద్దె కోసం వచ్చే ఇంటాయనకు ‘ఏమ్మా’. మరి మొగుడు? పదేళ్ల కాపురంలో పేరు పెట్టి పిలిచింది లేదు, ‘ఇదిగో’ అంటాడు. అది దొరికాక వాళ్ల గొడవ సీను మొత్తం మారిపోతుంది. సుశీల గొంతు పెంచదు. తనూ అతన్ని ‘ఇదిగో’ అంటుంది, అంతే.

ఇష్టమైన రంగు, నచ్చిన టిఫిను అంటూ ప్రశ్నావళి నింపమనేవాళ్లుంటారు. నాకైతే దాన్నుంచి ఒక్క వాక్యం కూడా పుట్టలేదు.

సమస్య: సుశీల ఇల్లు వదిలి వెళ్లడం నమ్మబుద్ధి కావడం లేదు

కారణం: 12వ అధ్యాయంలో వెళ్లాల్సిన అవసరం మీది, ఆమెది కాదు.

పరిష్కారం: ఆమె నెల ఖర్చుల చిట్టా రాయండి. జీతం ఎవరి చేతికి వెళ్తోంది, చీటీ ఎంత కడుతోంది, గాజులు ఎక్కడ తాకట్టులో ఉన్నాయి, వెళ్లే రోజు పర్సులో ఎంతుంది. ఈ చిట్టా నవల్లోకి రానక్కర్లేదు. చీటీ పాడుకునేదాకా ఆమె కదలదని తేలితే, ప్రయాణం మూడు అధ్యాయాలు ఆలస్యమవుతుంది. కానివ్వండి.

సమస్య: వయసుల లెక్క తప్పింది

1977 దివిసీమ ఉప్పెన నాటికి పదేళ్ల పిల్ల, 2000లో పాతికేళ్ల పెళ్లికూతురు. పుట్టిన ఏడు రాసి గోడకు అంటించుకుంటే తీరిపోతుంది. అయితే దిద్దేముందు ఒక్క క్షణం ఆగండి: 33 ఏళ్లకు పెళ్లంటే అసలు కథ అక్కడే ఉందేమో.

సమస్య: పక్కపాత్ర నాయికను మింగేస్తోంది

కారణం: పక్కపాత్ర అయిన ఆడపడుచు నెత్తిన మీరు ఆశయాలేవీ పెట్టలేదు, అందుకే హాయిగా తిరుగుతోంది.

పరిష్కారం: కత్తెర పట్టకండి. 1897లో అచ్చయిన కన్యాశుల్కాన్ని గురజాడ 1909 కూర్పుకు దాదాపు కొత్తగా రాశారు; మొదట చిన్నపాత్రగా ఉన్న మధురవాణి రెండోసారి నాటకాన్నే నడిపించింది. మీరూ ఆ ఆడపడుచు వైపు నుంచి ఒక అధ్యాయం రాసి చూడండి. ‘వదినా’ అని అంత తియ్యగా ఎందుకు పిలుస్తోందో బయటపడుతుంది.