మహమ్మారి కేసుల గ్రాఫును ఎలా చదవాలి?

ముందుగా నిలువు అక్షం పక్కన ఏమి రాసి ఉందో చూడండి. అవి మొదటి నుంచి నమోదైన మొత్తం కేసులా, ఆ రోజు కొత్తగా వచ్చినవా? మొత్తం కేసుల గీత ఎన్నటికీ కిందికి దిగదు, వ్యాధి పోయాక కూడా పైనే చదునుగా ఉండిపోతుంది. మనకు కావలసింది కొత్త కేసుల గీత.

తర్వాత ఏడు రోజుల సగటు తీయండి. సెలవు రోజుల్లో పరీక్షలు తగ్గుతాయి కాబట్టి రోజువారీ అంకెలు ఊగిసలాడతాయి. ఆ రోజువీ, అంతకు ముందు ఆరు రోజులవీ కలిపి 7తో భాగిస్తే అసలు దారి కనిపిస్తుంది.

గీత పైకి పోతుంటే, కేసులు రెట్టింపు కావడానికి ఎన్ని రోజులు పడుతోందో లెక్కించండి. మూడు రోజులకోసారి రెట్టింపయితే 100 కేసులు నెల తిరిగేసరికి 1,02,400 అవుతాయి. అందుకే అంకెలు చిన్నవిగా ఉన్నప్పుడే అప్రమత్తం కావాలి. రెట్టింపు కాలం మూడు నుంచి ఆరు రోజులకు, ఆరు నుంచి పదికి పెరుగుతోందంటే, కేసులు ఇంకా పెరుగుతున్నా ఉధృతి తగ్గుతున్నట్టే.

ఇక శిఖరం. ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. ఒక్కో రోగి నుంచి సగటున ఒక్కరికే వ్యాధి సోకే స్థితికి చేరినప్పుడు గీత చదునవుతుంది. మొదట్లో ఒకరి నుంచి ఇద్దరికి సోకే వ్యాధిని తీసుకోండి. ఎవరూ ఏ జాగ్రత్తా తీసుకోకపోతే, జనాభాలో సగం మందికి సోకేసరికి శిఖరం వస్తుంది. కానీ అప్పటికే జబ్బుతో ఉన్నవారు ఇతరులకు అంటిస్తూనే ఉంటారు. సాధారణ గణిత నమూనా ప్రకారం వ్యాధి పూర్తిగా చల్లబడేసరికి దాదాపు 80 శాతం మందికి సోకి ఉంటుంది. శిఖరం దాటిందని సంబరపడే నాటికి ఎంతో మంది ఇంకా ఆ జబ్బు బారిన పడవలసే ఉందన్నమాట! జనం దూరం పాటించడం వల్ల వచ్చిన శిఖరమైతే మరింత జాగ్రత్త అవసరం. సోకనివారు చాలామంది మిగిలే ఉంటారు, జాగ్రత్తలు సడలిస్తే గీత మళ్లీ లేస్తుంది.

గీత దిగుతున్నప్పుడు, ఎందుకు దిగుతోందో తేదీలను మాత్రమే చూసి తేల్చకండి. 1854లో లండన్‌లోని బ్రాడ్ స్ట్రీట్‌లో కలరా చెలరేగినప్పుడు, ఆ వీధి పంపు నీటి వల్లే వ్యాధి వస్తోందన్న వైద్యుడు జాన్ స్నో సూచనతో, ఎవరూ నీళ్లు కొట్టుకోకుండా సెప్టెంబరు 8న ఆ పంపు పిడి తీసేశారు. అప్పటికే మరణాలు తగ్గుముఖం పట్టాయి. జనం ఆ ప్రాంతం విడిచి వెళ్లిపోవడం అందుకు ఒక కారణమని స్నో స్వయంగా రాశారు. పంపు నీరే కారణమన్న ఆయన మాట నిజమే, అయినా గీతలోని తగ్గుదల అంతటినీ ఆ పిడికే కట్టబెట్టకపోవడం ఆయన నిజాయితీ. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అందుకే.

చివరగా, పక్కన మరో రెండు గీతలు పెట్టుకోండి: పరీక్షించిన ప్రతి వందమందిలో ఎందరికి వ్యాధి తేలింది, ఆసుపత్రుల్లో ఎందరు చేరారు. కేసులు తగ్గి, పరీక్షల్లో వ్యాధి తేలినవారి శాతం పెరుగుతుంటే తగ్గింది పరీక్షలే కావచ్చు. మరణాల గీత సాధారణంగా కేసుల వెనుక ఆలస్యంగా నడుస్తుంది. కేసులు దిగుతున్న రోజుల్లో అది ఇంకా పైకే వెళ్లవచ్చు.