అద్దె ఇంట్లో పసిబిడ్డకు ఒక మూల: తక్కువ ఖర్చుతో ఎలా అమర్చాలి?

బెంగళూరులో రెండు పడకగదుల అద్దె ఇంట్లో ఉంటూ బిడ్డకు ప్రత్యేకంగా ఒక గది కేటాయించడం మాకు కుదరలేదు. రెండో గదిలో కాన్పుకు సాయం వచ్చిన అమ్మ ఉంది. తర్వాత ఆలోచిస్తే, ఆ గది అవసరమే లేదనిపించింది. మొదటి ఆరు నెలలైనా బిడ్డ తల్లిదండ్రుల గదిలోనే, వేరే పక్క మీద పడుకోవాలని పిల్లల వైద్యులు చెబుతారు. పైగా అప్పుడే పుట్టిన బిడ్డకు కాస్త స్పష్టంగా కనిపించేది 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరమే, అంటే జానెడు, జానెడున్నర. ఎదురుగోడకు వేలు పోసి వేయించిన బొమ్మలు ఆ కళ్లకు మసక మరకలు. అందుకే గోడను వదిలేసి, ఆ జానెడు మేరను అందంగా చేయండి.

ముందు చోటు చూసుకోండి

మీ మంచం పక్కన నాలుగడుగుల చోటు చాలు. మేము మొదట వెలుతురు బాగుంటుందని కిటికీ కింద అమర్చాము. సాయంత్రమయ్యేసరికి చలిగాలి, దోమలు. పైగా కర్టెన్ తాడు చేతికందే దూరంలో వేలాడుతోంది. వెంటనే లోపలి గోడ వైపు మార్చాము. తాళ్లు, వైర్లు, స్విచ్చులు బిడ్డ చేతికి అందకూడదు.

గోడకు మేకులు కొట్టకండి, రంగులు వేయించకండి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె అడ్వాన్సులోంచి పట్టుకోవడం ఈ ఊళ్లో మామూలే. రంగు కావాలనిపిస్తే, కిటికీకి ఉన్న కర్టెన్ తీసేసి ఆ రాడ్డుకే ఒక మంచి మంగళగిరి చీర వేయండి. గది కళే మారిపోతుంది.

పాత తొట్టి తెచ్చుకుంటే

తెలిసినవాళ్ల ఇంట్లో పిల్లలు పెద్దవాళ్లయితే తొట్టి ఇస్తారు. మొహమాటపడకుండా అడగండి, కానీ తెచ్చుకునే ముందు రెండు చూడండి. ఊచల మధ్య సందు 6 సెంటీమీటర్లు మించకూడదు. కూల్‌డ్రింక్ డబ్బా ఆ సందులోంచి దూరిపోతే ఆ తొట్టి వద్దు. రెండోది రంగు. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం మిలియన్‌కు 90 భాగాలు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలులోకి వచ్చింది. అంతకుముందు రంగు వేసినదైతే, ముఖ్యంగా పెచ్చులు ఊడుతుంటే, ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి.

బొంత కుట్టండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికి ఇవ్వండి. మెత్తబడిన నూలు చీరలు నాలుగు తీసుకుని, గంజి పూర్తిగా పోయేలా రెండుసార్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరబెట్టండి. జరీ అంచులు గుచ్చుకుంటాయి, కత్తిరించేయండి. తొట్టి పరుపు కన్నా అన్ని వైపులా జానెడు ఎక్కువ ఉండేలా మడతలు పరిచి, ముడతలు లేకుండా అరచేత్తో సర్ది, అక్కడక్కడా పిన్నీసులు పెట్టండి. మధ్య నుంచి అంచులకు, వేలెడంత ఎడంతో వరుసలుగా కుట్టుకుంటూ వెళ్లండి.

పిన్నీసులు ఎన్ని పెట్టారో కాగితం మీద రాసుకోండి. మేము 32 పెట్టాము. కుట్టడం అయ్యాక లెక్కిస్తే 31 ఉన్నాయి. అమ్మా నేనూ బొంతను రెండు వైపులా పట్టుకుని అంగుళం అంగుళం తడిమితే, ఒక మూల మడతలో గట్టిగా తగిలింది.

బొంతను పరుపు మీద బిగుతుగా వేసి అంచులు కిందికి మడవాలి. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి. తొట్టిలో ఇంకేమీ ఉండకూడదు: దిండు, మెత్తటి బొమ్మలు, అంచుల చుట్టూ కట్టే మెత్తలు, ఏవీ వద్దు. తల గుండ్రంగా రావాలని అమ్మ ప్రేమగా కుట్టి తెచ్చిన ఆవాల దిండును కూడా బీరువాలో పెట్టేశాను. ఆమెకు నచ్చజెప్పడానికి రెండు రోజులు పట్టింది. ఊపిరికి అడ్డం పడే ప్రమాదం ముందు తల ఆకారం పెద్ద విషయం కాదు.

చిలకలు కట్టండి

ఉయ్యాల మీద గుడ్డ చిలకలు వేలాడదీయడం మన ఇళ్లలో ఉన్నదే. లేత గులాబీ, లేత నీలం కాకుండా నలుపు, తెలుపు, ఎరుపు ముక్కలతో కుట్టండి. అంత తేడా ఉన్న రంగులనే పసికళ్లు ముందుగా పట్టుకుంటాయి. బెంగళూరు బట్టల బజారు చిక్‌పేటలో కట్‌పీసులు దొరుకుతాయి, మీ దర్జీని అడిగినా ఇస్తాడు. కళ్లకు పూసలు, గుండీలు వద్దు, దారంతోనే కుట్టండి. అయిదు చిలకలు చాలు.

ఒక్క బొమ్మ కొనాలనుకుంటే చన్నపట్న చెక్క గిలక్కాయ కొనండి. ఆ ఊరు బెంగళూరుకు దాదాపు 60 కిలోమీటర్లు. మన ఏటికొప్పాక బొమ్మల్లాగే అవీ అంకుడు కర్రతో, లక్క పూతతో చేస్తారు. విడిపోయే చిన్న భాగాలు లేనిది ఎంచుకోండి.

రాత్రి గుడ్డలు మార్చడానికి ఒక జీరో బల్బు, దోమతెర, మీ చేతికందేలా పొత్తిగుడ్డల బుట్ట. అంతే, కొనవలసినవి అయిపోయాయి.

బిడ్డ చేయి చాపి అందుకోబోతున్నా, అరచేతులు ఆనించి ఛాతీ పైకెత్తుతున్నా, చిలకలను ఆ రోజే విప్పేయాలి. మావి ఇప్పుడు కిటికీ పైన, మంగళగిరి చీర పక్కన ఊగుతున్నాయి.