బిట్టర్‌క్రెస్: పీకేది ఎప్పుడు, తినేది ఎలా

మేం నార్త్ కరొలైనా వచ్చిన మొదటి ఏడాది. ఏప్రిల్‌లో ఓ ఆదివారం తీరిగ్గా కలుపు తీద్దామని పెరట్లో కూర్చున్నాను. చెయ్యి తగలడం ఆలస్యం, కాయలు చిటపటా పేలి గింజలు కళ్లద్దాల మీద, జుట్టులో పడ్డాయి. కలుపు తీశానో, విత్తనాలు చల్లానో నాకే తెలీదు. మరుసటి చలికాలం అంతకు రెట్టింపు మొలిచింది.

హెయిరీ బిట్టర్‌క్రెస్ అంటారు ఈ కలుపు మొక్కని. ఆవాల కుటుంబమే. చెట్ల ఆకులు రాలే రోజుల్లో మొలిచి, చలికి తట్టుకుని, ఫిబ్రవరి కల్లా పూస్తుంది. ఆకులు నేలకు అతుక్కుని ముగ్గులా గుండ్రంగా పరుచుకుంటాయి. ఒక్కో కాడకు అటూ ఇటూ చిట్టి ఆకులు జతలుగా, కొసన ఒకటి కాస్త పెద్దది. తెల్లపూలు, నాలుగు రేకులు. ఫోన్‌లో జూమ్ చేస్తే కేసరాలు మామూలుగా నాలుగే కనిపిస్తాయి, ఆవపువ్వుకైతే ఆరు. ఇవన్నీ కుదరకపోతే మాత్రం నోట్లో పెట్టుకోకండి.

పూత మీద ఉండగానే, వాన పడ్డ మర్నాడు పీకండి. మొదలు దగ్గర పట్టుకుంటే వేరుతో సహా వచ్చేస్తుంది. సన్నటి కాయలు పూలను దాటి నిటారుగా నిలబడ్డాయంటే ఆలస్యమైనట్టే. అప్పుడు మొక్క మీద ప్లాస్టిక్ కవర్ బోర్లించి, లోపలే పీకి, మూతి కట్టి చెత్తలో పడేయండి. కంపోస్టులో వద్దు.

తినడానికైతే మందు కొట్టిన లాన్‌లోది, కుక్కలు తిరిగే చోటుది ముట్టుకోకండి. నేను కూరగాయల మడిలోదే తీస్తాను. మధ్యలో ఇసుక ఇరుక్కుంటుంది, మూడు నీళ్లలో కడగాలి.

పేరులో చేదు ఉంది గానీ ఆకులో పెద్దగా ఉండదు. ముల్లంగి ఆకులా ఘాటు. మా అత్తయ్య గుంటూరు నుంచి వచ్చినప్పుడు ఓ ఆకు నమిలి, "ఆవాల వాసనొస్తోందే" అని ఉత్సాహంగా పప్పులో వేసి కుక్కర్ పెట్టేశారు. మూడు విజిల్స్‌కి ఏదో ఆకు అన్నట్టు మిగిలింది. ఆకు పచ్చిగా నలిగినప్పుడే ఆ ఘాటు పుడుతుంది, ఉడికిస్తే పుట్టదు.

అందుకే పచ్చడి చేయండి. చారెడు వేయించిన వేరుశనగ గుళ్లు, నూనెలో మగ్గిన నాలుగు పచ్చిమిరపకాయలు, కాస్త చింతపండు, ఉప్పు ముందు మెత్తగా తిప్పండి. రెండు గుప్పిళ్ల పచ్చి ఆకు చివర్లో వేసి, ఒక్క తిప్పు తిప్పి ఆపేయండి. వెంటనే వేడన్నంలో కలుపుకోవాలి. పోపు కూడా అక్కర్లేదు.