థీసిస్‌లో వాక్యం ఒక ఫాంట్, సమీకరణం ఇంకో ఫాంట్ కాకుండా

బెంగళూరులో లాటెక్‌లో (సమీకరణాలున్న పత్రాలు పేర్చే సాఫ్ట్‌వేర్) థీసిస్ రాస్తున్న మనవాళ్ల డ్రాఫ్టుల్లో పదే పదే కనిపించేది ఒకటుంది: టెక్స్ట్ ఫాంట్ ఒక్కటే టైమ్స్‌కి మార్చేసి మ్యాథ్స్‌ని అలాగే వదిలేస్తారు, దాంతో వాక్యమంతా టైమ్స్‌లో ఉంటే సమీకరణం మాత్రం లాటెక్‌లో మామూలుగా వచ్చే ఫాంటు, క్నూత్ గారి కంప్యూటర్ మోడర్న్‌లో సన్నగా, పీలగా, వేరే పెళ్లి పందిట్లోకి దారి తప్పి వచ్చిన చుట్టంలా నిలబడుతుంది. ఫాంట్లు జతగానే తీసుకోండి. టైమ్స్ కావాలంటే న్యూటీఎక్స్‌టెక్స్ట్ (newtxtext) ప్యాకేజీ, దాని వెంటే న్యూటీఎక్స్‌మ్యాథ్ (newtxmath). పాలటినో ఫాంటు అయితే న్యూపీఎక్స్ (newpxtext, newpxmath) జంట. యూనికోడ్ ఫాంట్లు నేరుగా వాడనిచ్చే లాటెక్ రూపాలైన జీలాటెక్ (XeLaTeX) గానీ లువాలాటెక్ (LuaLaTeX) గానీ వాడేవాళ్లు (మధ్యలో తెలుగు ముక్కలుంటే ఎలాగూ అటే వెళ్లాలి) యూనికోడ్-మ్యాథ్ ప్యాకేజీతో స్టిక్స్ టూ లేదా లిబర్టినస్ పెట్టుకోవచ్చు, రెండింటికీ సొంత మ్యాథ్ ఫాంటు ఉంది, నా ఓటు లిబర్టినస్‌కే.

ఖాయం చేసేముందు ఒక్క లైను టైప్ చేసి చూడండి: 2025 అని మామూలుగా ఒకసారి, డాలర్ గుర్తుల మధ్య, అంటే మ్యాథ్స్‌గా, ఇంకోసారి. అంకెల ఎత్తు, మందం కలవకపోతే ఆ జత వద్దు. ఇటాలిక్ 'వీ', గ్రీకు 'న్యూ' కూడా పక్కపక్కన పెట్టండి. టైమ్స్‌లో ఈ రెండిటినీ పోల్చుకోవడం కష్టం, న్యూటీఎక్స్‌మ్యాథ్‌కి వీఏఆర్‌వీడబ్ల్యూ (varvw) ఆప్షన్ ఇస్తే 'వీ' ఆకారం మారి తేడా తెలుస్తుంది.