చిన్న కెమెరా, ఒకటి రెండు లెన్సులు: ఓరుగల్లు చుట్టుపక్కల ఫోటోలు తీయాలంటే

మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని, లెన్స్ మార్చుకునే కెమెరా) కొందామనుకునేవాళ్లు ముందు అడిగేది బాడీ గురించే, అంటే లెన్స్ తీసేస్తే మిగిలే కెమెరా గురించి. సోనీనా, ఫూజీనా, కేననా, నికానా? బయట తిరుగుతూ ఫోటోలు తీసుకునేవాళ్లు ఆ ప్రశ్నను పక్కన పెట్టేయొచ్చు. ఈ మధ్య కొన్నేళ్లలో వచ్చిన చిన్న మిర్రర్‌లెస్‌లలో ఏదైనా రామప్ప గుడికీ, లక్నవరం చెరువుకీ, ఊళ్లో జాతరకీ బాగానే సరిపోతుంది. ఫోటో ఎలా వస్తుందన్నది దాని ముందు ఏ లెన్స్ బిగించారు, ఆ లెన్స్ మీ చేతికి ఎంత అలవాటైంది అన్నదాన్ని బట్టే ఉంటుంది. అందుకే బాడీ సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని, మిగిలిన డబ్బు లెన్స్ మీద పెట్టమనే నేను చెప్తాను.

చిన్నదే ఎందుకంటే, మొదటి కారణం ఎండ. ఏప్రిల్, మే నెలల్లో వరంగల్ కోటలో పొద్దున ఎనిమిది దాటిందంటే రాళ్లు సెగలు కక్కుతుంటాయి, భుజాన పెద్ద బ్యాగు ఉంటే ఫోటో మీద ధ్యాస పోయి నీడ ఎక్కడుందా అన్న ఆలోచనే మిగులుతుంది. సోనీ ఎ6400 బ్యాటరీతో కలిపి 403 గ్రాములు, దానికి సిగ్మా 30 ఎంఎం ఎఫ్/1.4 పెడితే ఇంకో 265, అంటే మొత్తం ముప్పావు కిలో కూడా లేదు. రెండో కారణం మనుషులు. పొడుగు లెన్స్ కనిపించగానే "ఏ ఛానలన్నా మీది?" అని అడుగుతారు, ఆ తర్వాత అందరూ నిటారుగా నిలబడి పెళ్లి ఆల్బమ్ ముఖాలు పెడతారు. అదే మెడలో బుజ్జి కెమెరా వేలాడుతుంటే టూరిస్టు అనుకుని ఎవరి పనిలో వాళ్లుంటారు, మనకు కావాల్సింది కూడా అదే.

లెన్స్ నంబర్ల లెక్క ఒక్కసారి చెప్పుకుందాం. ఎంఎం అంకె పెరిగేకొద్దీ దృశ్యం దగ్గరికి వస్తుంది, ఎఫ్/ పక్కనున్న అంకె తగ్గేకొద్దీ లోపలికి వెలుతురు ఎక్కువ వస్తుంది. చిన్న సెన్సర్ లెన్స్ మధ్య భాగాన్నే వాడుకుంటుంది కాబట్టి దృశ్యం దగ్గరికి వచ్చినట్టు కనిపిస్తుంది. పాత ఫిల్మ్ కెమెరాతో పోల్చాలంటే సోనీ, ఫూజీ, నికాన్ల ఏపీఎస్-సీ (ఫిల్మ్ కన్నా చిన్న సెన్సర్) కెమెరాల్లో లెన్స్ మీదున్న అంకెను 1.5తో, కేనన్‌లో 1.6తో, ఒలింపస్, లుమిక్స్ లాంటి ఇంకా చిన్న సెన్సర్ ఉన్న మైక్రో ఫోర్ థర్డ్స్‌లో 2తో గుణించాలి. ఫూజీ 23 ఎంఎం అంటే పాత ఫిల్మ్ లెక్కలో 35 దగ్గర, ఒలింపస్ 45 ఎంఎం అంటే 90.

ఏ లెన్స్ కొనాలో యూట్యూబ్‌ను అడిగే బదులు మీ ఫోటోలనే అడగండి. కెమెరాతో వచ్చిన కిట్ జూమ్‌తో కొన్నాళ్లు తీసి, బాగా నచ్చినవి పక్కకు తీసి, ఒక్కో ఫోటో వివరాల్లో ఎన్ని ఎంఎం అని ఉందో చూడండి. చాలావరకు ఒకే అంకె చుట్టూ తిరుగుతుంటాయి, మీరు కొనాల్సిన ప్రైమ్ లెన్స్ (జూమ్ లేకుండా ఒకే ఎంఎం ఉన్నది) అదే. కిట్ జూమ్‌ను చిన్నచూపు చూసేవాళ్లు ఎక్కువే కానీ, పట్టపగలు ఎఫ్/8 దగ్గర అది తీసిన ఫోటోకీ ఖరీదైన లెన్స్ తీసినదానికీ తేడా పట్టడం అంత తేలిక కాదు. దాని ఇబ్బందల్లా పొద్దు గూకాక మొదలవుతుంది.

ఇక గుడి అనగానే అందరూ ఎంఎం అంకె తక్కువున్న, ఎక్కువ దృశ్యం పట్టే వైడ్ లెన్స్ తీస్తారు. నాకు ఇది అస్సలు నచ్చదు. పాలంపేట రామప్ప గుడినే తీసుకోండి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. వైడ్‌లో తీస్తే ముందు పచ్చిక, వెనక ఆకాశం, మధ్యలో చిన్న గుడి, అందరి ఫోన్లలో ఉన్న ఫోటోనే ఇంకొకటి. ఈ గుడి గొప్పదనమంతా దగ్గర్లో ఉంది. గోడలు ఎర్ర ఇసుకరాయి, చూరు కింద వాలి నిలబడ్డ మదనికలు, అంటే స్త్రీ శిల్పాలు, నున్నగా సానబట్టిన నల్లరాయి. 45, 50, 56 ఎంఎం లాంటి లెన్స్ పెట్టుకుని అరుగు మీద నెమ్మదిగా ఒక చుట్టు తిరగండి. ఎత్తు మడమల చెప్పులేసుకున్న మదనిక ఒకామె ఉంటుంది, ఆ పాదాలే ఒక ఫోటో.

కెమెరాను ఇబ్బంది పెట్టేది కూడా ఈ నల్లరాయే. కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ ప్రతిదాన్నీ మధ్యస్థ బూడిద రంగుకు తేవాలని చూస్తుంది, కాబట్టి ఫ్రేమ్ నిండా నల్లరాయే ఉంటే దాన్ని తెల్లబరిచి పారేస్తుంది. అప్పుడు ఫోటో వెలుగును పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను మైనస్ 0.7 నుంచి మైనస్ 1 దాకా తగ్గించండి, రాయి మళ్లీ నల్లగా మెరుస్తుంది. అదే కింద నుంచి పైకి చూస్తూ మదనిక వెనక ఆకాశం వచ్చేలా తీస్తే లెక్క తిరగబడుతుంది. ఆకాశం వెలుగు చూసి మీటర్ శిల్పాన్ని చీకట్లోకి నెట్టేస్తుంది, ప్లస్ వైపు పెంచాల్సిందే, ఆకాశం తెల్లగా పోతే పోనీయండి. మిర్రర్‌లెస్‌లో సుఖం ఏంటంటే ఇదంతా షట్టర్ నొక్కకముందే వ్యూఫైండర్‌లో కనిపిస్తుంది, డయల్ తిప్పుతూ చూసుకోవడమే. గుడి తూర్పు ముఖం కాబట్టి పొద్దున్నే ఎండ ముందువైపు నేరుగా పడుతుంది. కాస్త పొద్దెక్కాక అరుగు రాళ్ల మీద పడ్డ వెలుతురు పైకి లేచి చూరు కింద మెత్తగా పరుచుకుంటుంది, శిల్పాలకు నాకు అదే ఇష్టం. సానరాయి మీద మెరుపు మరీ ఎక్కువైతే పోలరైజర్ ఫిల్టర్ మెల్లగా తిప్పి చూడండి, కొన్ని కోణాల్లో మెరుపు తగ్గి చెక్కడం బయటపడుతుంది.

మండపం లోపల చీకటి. ఎఫ్/1.8, ఐఎస్ఓ (చీకట్లో ఫోటోను వెలుగుగా చేసే అంకె, పెంచితే గరుకు పెరుగుతుంది) 3200 పెట్టడానికి భయపడకండి, ఏపీఎస్-సీ కెమెరాలు ఆ మాత్రం తట్టుకుంటాయి. గర్భగుడి వైపు కెమెరా ఎత్తే ముందు పూజారిగారిని అడగండి. రామప్పలోనూ, వేయిస్తంభాల గుడిలోనూ, కోటలోనూ ట్రైపాడ్ వేయాలంటే పురావస్తు శాఖ అనుమతి ముందే ఉండాలి. డ్రోన్ సంగతి అసలు తలపెట్టొద్దు.

వైడ్‌కు కూడా ఒక చోటుంది, అది వరంగల్ కోట. నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు, మధ్యలో కూలిన స్వయంభూ ఆలయం రాళ్లు. ఒక తోరణంలోంచి ఎదురుగా ఉన్న తోరణాన్ని బంధించాలంటే 16 లేదా 18 ఎంఎం కావాలి. తోరణం మొత్తం పట్టాలని కెమెరా పైకి ఎత్తారంటే స్తంభాలు వెనక్కి పడిపోతున్నట్టు వస్తాయి. కెమెరాలో ఎలక్ట్రానిక్ లెవెల్ గీత ఆన్ చేసి, కెమెరాను నిటారుగానే పట్టుకుని, పాదాలతో వెనక్కి జరగండి. సాయంత్రం ఏకశిల గుట్ట ఎక్కితే అదే లెన్స్ అక్కడ కూడా పనికొస్తుంది.

పిట్టల కోసం పెద్ద లెన్సే కావాలి, అయితే మిర్రర్‌లెస్‌లో అది కూడా చిన్నగానే దొరుకుతుంది. ఒలింపస్ 75-300 ఎంఎం బరువు 423 గ్రాములే, ఫిల్మ్ లెక్కలో అది 600 ఎంఎం దాకా వెళ్తుంది. పాకాల చెరువు గట్టున నీటికాకులు, కొంగలు, లకుముకి పిట్టలు ఉంటాయి. మన రాష్ట్ర పక్షి పాలపిట్ట మాత్రం నర్సంపేట రోడ్డు పక్కన కరెంటు తీగ మీదే దొరుకుతుంది. కూర్చున్నప్పుడు అది మామూలుగానే ఉంటుంది, నీలమంతా రెక్కలు విప్పినప్పుడే. పురుగు కనిపించగానే తీగ మీంచి నేల మీదకు దూకడం దాని అలవాటు కాబట్టి ముందే ఫోకస్ చేసుకుని, షట్టర్ 1/2000 సెకండు పెట్టుకుని, వరసగా ఫోటోలు తీసే బర్స్ట్‌లో వేలు సిద్ధంగా ఉంచండి. కారు దిగొద్దు, అద్దం దించి లోపల్నుంచే తీయండి, బండికి బెదరని పిట్ట మనిషి దిగగానే ఎగిరిపోతుంది. సెన్సర్ ఫోటోను వరస వరసగా చదివే ఎలక్ట్రానిక్ షట్టర్ ఆపేసి, తెర కదిలే మెకానికల్ వాడండి, లేదంటే చాలా బాడీల్లో రెక్కలు వంకరగా వస్తాయి.

ఎలక్ట్రానిక్ షట్టర్ బతుకమ్మ దగ్గర కూడా ముంచుతుంది. పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల రోజు వెలిగేవన్నీ ఎల్ఈడీ లైట్లు, మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ఫోటోలో అడ్డంగా చారలు పడతాయి. మెకానికల్ షట్టర్ పెట్టి 1/100 దగ్గర ఉంచితే చాలావరకు పోతాయి, తిరుగుతున్న చేతులు కొంచెం చెదిరినా ఆటకు అది అందమే. అక్కడ ఎఫ్/1.4, ఎఫ్/1.8 ప్రైమ్ తప్ప ఇంకేదీ తీసుకెళ్లొద్దు, ఆ జనంలో లెన్స్ మార్చే చోటు కూడా ఉండదు. మేడారం జాతరకైతే ఈ మాట రెండింతలు వర్తిస్తుంది, ఆ దుమ్ములో బాడీ తెరిస్తే సెన్సర్ మీద మేడారం మొత్తం ఇంటికొస్తుంది. దగ్గరి ఫోటో తీసేటప్పుడు "అక్కా, ఒక ఫోటో తీసుకుంటా" అని అడిగి తీయండి, తర్వాత వాట్సాప్‌లో పంపండి. పంపుతానని చెప్పి పంపనివాళ్ల వల్లే రెండోసారి ఎవరూ ఒప్పుకోరు.

ఎరుపు గురించి ఒక జాగ్రత్త. ఫిబ్రవరి, మార్చిల్లో ములుగు వైపు కల్లాల్లో మిర్చి ఆరబోసి ఉంటుంది, ఏటూరునాగారం అడవిలో మోదుగు పూసి ఉంటుంది. రెంటికీ కెమెరా మోసపోతుంది. ఫోటోలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్, అంటే మామూలు హిస్టోగ్రామ్, బాగానే చూపిస్తుంది కానీ ఎరుపు ఛానల్ ఒక్కటే నిండిపోయి, మిరపకాయ మీద ముడతలన్నీ పోయి ఎర్రటి ముద్ద మిగులుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెట్టుకుని ఎరుపు గీత కుడి అంచు తగలకుండా ఎక్స్‌పోజర్ తగ్గించండి. ఫూజీ వాడేవాళ్లు రంగులు ముదిరేలా చేసే వెల్వియా సెట్టింగ్ మోజు అక్కడ కాస్త ఆపుకుని, మామూలు రంగుల ప్రొవియాలో తీయండి, తర్వాత సరిదిద్దుకోవడానికి వీలుండే రా ఫైల్ కూడా ఉంచుకోండి.

మోదుగు పూలకు నాకిష్టమైన లెన్స్ పాత సోవియట్ హీలియోస్ 44-2, 58 ఎంఎం ఎఫ్/2. మిర్రర్‌లెస్ బాడీలో అద్దం లేదు కాబట్టి సెన్సర్‌కూ లెన్స్‌కూ మధ్య చోటు మిగులుతుంది, ఆ చోటులో ఒక అడాప్టర్ పెడితే ఎం42 అనే పాత రకం మర ఉన్న లెన్సులన్నీ పడతాయి. మెనూలో 'షూట్ వితౌట్ లెన్స్' ఆన్ చేయకపోతే కొన్ని కెమెరాల్లో షట్టర్ పడదు, లెన్స్ పాడైందని టెన్షన్ పడకండి. ఫోకస్ చేత్తోనే తిప్పాలి. ఫోకస్ ఎక్కడ కుదిరిందో చూపే పీకింగ్ రంగు గీతల్ని ఎఫ్/2 దగ్గర పూర్తిగా నమ్మలేం, ఒకసారి పెద్దది చేసి చూసుకోవాలి. వెనక ఆకులు సుడి తిరుగుతాయని నెట్‌లో చూసి కొంటుంటారు, ఏపీఎస్-సీలో అంచులు కత్తిరించుకుపోతాయి కాబట్టి ఆ సుడి బాగా తగ్గుతుందని ముందే తెలుసుకోండి.

వానాకాలంలో లెన్సులకు అసలు శత్రువు బూజు. తోలు కేసులోనో గుడ్డ సంచిలోనో పెట్టి బీరువాలో దాచొద్దు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూడండి. ఏసీ గదిలోంచి వానలోకి వెళ్లేటప్పుడు కెమెరా బ్యాగులోనే అరగంట ఉంచితే అద్దం మీద ఆవిరి పట్టదు.

హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలోనో, ఎవరి దగ్గరో పాత లెన్స్ కొంటున్నారనుకోండి, ముందు అపెర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడండి. లోపల సాలెపురుగు దారాల్లా సన్నటి గీతలుంటే అది బూజు, ఎంత తక్కువకిచ్చినా వదిలేయండి. నాలుగు దుమ్ము రేణువులుంటే ఫోటోలో ఏమీ కనిపించదు, ఆ పేరు చెప్పి బేరమాడుకోవచ్చు. అపెర్చర్ ఆకుల మీద నూనె మరకలు, ఫోకస్ రింగు ఎక్కడైనా పట్టేస్తోందా, ఈ రెండూ చూసుకుని, మీ బాడీ వెంట తీసుకెళ్లి అక్కడే బిగించి నాలుగు ఫోటోలు తీశాకే డబ్బులివ్వండి.