వైజాగ్‌లో ఫ్యామిలీ ఫొటో: ఏ లోపానికి ఏ మందు

ఫొటో నచ్చకపోతే వెంటనే ఎడిటింగ్ యాప్ తెరవకండి. ముందు జూమ్ చేసి కళ్లు చూడండి. కళ్లలో చిన్న మెరుపు చుక్క లేకపోతే లోపం వెలుతురుది. చుక్క ఉండి గీతలా సాగిపోతే ఎవరో కదిలారు, లేదా మీ చెయ్యి కదిలింది. ముందు వరుస కళ్లు స్పష్టంగా ఉండి వెనక వరుసవి మసకబారితే అది అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) పని. వీటిలో ఎడిటింగ్‌కి కాస్తయినా లొంగేది మొదటిదొక్కటే.

బీచ్‌లో సముద్రం బాగా వచ్చింది, మొహాలు నల్లబడ్డాయి

మన తీరం తూర్పు వైపు తిరిగి ఉంది. ఆర్కే బీచ్‌లో గానీ రుషికొండలో గానీ పొద్దున్నే సముద్రాన్ని వెనక పెట్టుకుని నిలబడితే సూర్యుడు కూడా వెనకే ఉంటాడు. కెమెరా ఆ వెలుగంతా చూసి మొత్తం ఫొటోని తగ్గించేస్తుంది, మొహాలు అందులో మునిగిపోతాయి.

అన్నిటికన్నా తేలిక మందు వేళ మార్చుకోవడం. సాయంత్రం సూర్యుడు ఊరి వైపు దిగుతాడు. బీచ్ రోడ్డు మేడల వెనక్కి పోయాక ఇసుక మీద నీడ పరుచుకుంటుంది, పడమటి ఆకాశం ఇంకా వెలుగుతూనే ఉంటుంది. ఆ వెలుతురు మెత్తగా నేరుగా మొహాల మీద పడుతుంది, వెనక సముద్రం నీలంగానే ఉంటుంది. డిసెంబరులో సూర్యాస్తమయం ఐదున్నరకి అటూ ఇటూ కాబట్టి నాలుగున్నరకల్లా అందరూ ఇసుక మీద ఉండాలి. జూన్‌లో ఆరున్నర దాటుతుంది, ఐదున్నరకి వెళ్లినా చాలు.

పొద్దున్నే తియ్యక తప్పదంటే ఫోన్‌లో మొహం మీద వేలు నొక్కిపెట్టి లాక్ చేసి, పక్కనొచ్చే సూర్యుడి గుర్తుని పైకి జరపండి. కెమెరాలో అయితే ఫొటో వెలుగుని పెంచి తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ +1 నుంచి +1.7. ఆకాశం తెల్లబోతుంది. పోనివ్వండి, ఫొటో తీస్తున్నది ఆకాశానికి కాదు.

ఫ్లాష్ వెయ్యొచ్చుగా అంటారు. సూర్యుడు అప్పుడే పైకొచ్చిన పది, పదిహేను నిమిషాల్లో బాగానే పనిచేస్తుంది: ఐఎస్ఓ (వెలుగుని పట్టే సున్నితత్వం) 100, ఎఫ్ 5.6, షట్టర్ (తెరుచుకుని ఉండే సమయం) 1/125 నుంచి 1/200 సెకను. కెమెరా మీద ఉండే చిన్న ఫ్లాష్ ఈ సెట్టింగ్‌లో సుమారు రెండు మీటర్లు అందుతుంది. ఎండ ముదిరాక మాత్రం ఆశ వదులుకోండి. మామూలు కెమెరాలు ఫ్లాష్‌తో షట్టర్‌ని సుమారు 1/200 దాటనివ్వవు, అందుకని అపర్చర్ ఎఫ్ 11కి మూయాలి. అప్పుడా ఫ్లాష్ ఒక మీటరుకి మించి చేరదు. దానికన్నా ఒక తెల్ల థర్మాకోల్ షీటుని ఫ్రేము బయట నడుము ఎత్తులో పట్టుకుని, మొహాల వైపు వంచితే ఎక్కువ ఫలితం.

ఫొటో అంతా పొగమంచు పట్టినట్టుంది

ఏసీ కారులోంచి దిగి వెంటనే తీశారా? చల్లటి లెన్స్ మీద మన ఉక్కగాలి తగలగానే చెమ్మ పడుతుంది. తుడిచినా మళ్లీ పడుతుంది. బ్యాగు జిప్పు తియ్యకుండా పావుగంట, ఇరవై నిమిషాలు బయట ఉంచండి. చెమ్మ కాకపోతే ఉప్పు తుంపర. దాన్ని చీరకొంగుతో తుడిస్తే ఇసుక రేణువు గీత పెడుతుంది. ముందు ఊదే బల్బుతో ఇసుక ఎగరగొట్టి, ఆ తర్వాతే కొద్దిగా తడిపిన మైక్రోఫైబర్ గుడ్డ వాడండి.

ఇంట్లో తీస్తే ఒక చెంప పసుపుగా, ఒక చెంప నీలంగా

కిటికీ వెలుతురు ఒక రంగు, ట్యూబ్‌లైటు ఇంకో రంగు, పూజగది బల్బు మరో రంగు. కెమెరా ఒక్క రంగునే సరిచేయగలదు. కాబట్టి పగలైతే లైట్లన్నీ ఆపేయండి. చీకటి ఫొటో వస్తుందని భయపడి ఎవరూ ఆపరు, కానీ తేడా ఇక్కడే కనిపిస్తుంది. తాతగారిని, నాయనమ్మని కిటికీకి నాలుగడుగుల దూరంలో, కిటికీకి కాస్త ఏటవాలుగా కూర్చోబెట్టండి. కిటికీ గ్రిల్ నీడ చారలు పడుతుంటే పల్చటి తెల్ల పంచె అడ్డంగా కట్టండి. నీడ పడిన చెంప వైపు థర్మాకోల్ పెట్టండి. సెట్టింగులు ఐఎస్ఓ 800, ఎఫ్ 4, 1/125 దగ్గర మొదలుపెట్టి చూసుకోవచ్చు.

లైట్లు ఆపేసినా రంగు తేడా పోలేదంటే గోడని అనుమానించండి. చిలకపచ్చ, గులాబి రంగు గోడకి ఆనుకుని కూర్చుంటే ఆ రంగు చెంప మీద పడుతుంది. మనుషుల్ని గోడకి నాలుగైదు అడుగులు ముందుకి జరపండి. ఫ్లాష్‌ని సీలింగ్ మీదకి కొట్టేవాళ్లు కూడా సీలింగ్ తెల్లగా ఉందో లేదో చూసుకోవాలి.

రాత్రి ట్యూబ్‌లైటు కింద ఫొటోలో అడ్డచారలు వస్తే కారణం కరెంటు. మన సరఫరా 50 హెర్ట్జ్, లైటు సెకనుకి వందసార్లు మిణుకుతుంది. షట్టర్‌ని 1/100 లేదా 1/50కి పెట్టి, శబ్దం లేకుండా తీసే సైలెంట్ షట్టర్ ఆపేయండి. పిల్లలు కదిలితే 1/50లో సాగిపోతారు, అందుకని 1/100 మేలు.

వెనక వరుస మసక

50 ఎంఎం లెన్స్ కొన్న కొత్తలో అందరూ ఎఫ్ 1.8 మీదే ఉంటారు. చిన్న సెన్సర్ ఉన్న మామూలు డీఎస్ఎల్ఆర్‌లో, మూడు మీటర్ల దూరంలో, ఆ అపర్చర్‌కి స్పష్టంగా ఉండే మందం సుమారు 25 సెంటీమీటర్లే. కుర్చీలో ఉన్నవాళ్ల కళ్లకీ, వెనక నిలబడ్డవాళ్ల కళ్లకీ మధ్య రెండడుగుల దాకా ఉంటుంది. ఎఫ్ 5.6కి వస్తే మందం 75 సెంటీమీటర్ల వరకూ పెరుగుతుంది. వెనకవాళ్లని కుర్చీలకి ఆనుకుని కాస్త ముందుకి వంగమనండి, ఫోకస్ ముందు వరుస కళ్ల మీద పెట్టండి. ఫోన్‌లో ఇదే లోపం పోర్ట్రెయిట్ మోడ్ వల్ల వస్తుంది. జడలో మల్లెపూలని, బుట్టల అంచుల్ని అది తినేస్తుంది. గ్రూపు ఫొటోకి ఆ మోడ్ వద్దు.

చివర నిలబడ్డవాళ్లు లావుగా సాగిపోతే ఫోన్‌లో బాగా వెడల్పుగా చూపే 0.5 లెన్స్ వాడారన్నమాట. వెనక్కి జరిగి 1 లేదా 2కి మార్చండి. కళ్లజోడులో మెరుపు పడితే గడ్డం కొంచెం దించమనండి. కళ్లు మూసేవాళ్లకి మందు లేదు, ఒక్కో భంగిమకీ పది ఫొటోలు తియ్యడమే.

ఎడిటింగ్‌లో మొహాలు పసుపెక్కాయి, లేదా బొమ్మలయ్యాయి

ఫొటో రంగుని సరిచేసే వైట్ బ్యాలెన్స్ డ్రాపర్‌ని (నొక్కిన చోటుని రంగులేనిదిగా తీసుకునే గుర్తు) తాతగారి పంచె మీద నొక్కారా? నీలం పెట్టి ఉతికిన పంచె తెల్లగా కనిపిస్తుంది గానీ అందులో నీలి ఛాయ ఉంటుంది. యాప్ దాన్ని తీసేయబోయి మొత్తానికి పసుపు కలుపుతుంది. సిమెంటు గచ్చు లాంటి బూడిదరంగు మీద నొక్కండి. తర్వాత హైలైట్స్ (వెలుగు భాగాలు) -40, షాడోస్ (నీడ భాగాలు) +20 దగ్గర ఆగి చూడండి. పంచె, జరీ అంచు పూర్తిగా తెల్లగా కాలిపోతే ఏ యాప్ వెనక్కి తేలేదు, అందుకే వెనక సూర్యుడు లేనప్పుడు తీసేటప్పుడే ఎక్స్‌పోజర్ -0.3 పెట్టుకోవాలి.

చర్మం నునుపు చేసే స్లైడర్ 15 దాటనివ్వకండి. రంగు తెల్లబరిచేది అసలు ముట్టుకోకండి. చామనఛాయ మొహం బూడిదగా కనిపించడానికి కారణం వెలుతురు చాలకపోవడమే, రంగు కాదు. ఫిల్టర్ వేస్తే మెడ ఒక రంగు, మొహం ఒక రంగు అవుతాయి.

ప్రింటు నల్లగా వచ్చింది, తలలు తెగాయి

ఫోన్ బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి ఎడిట్ చేస్తే ప్రింటు నల్లబడుతుంది. సగంలో పెట్టి ఎడిట్ చేయండి. ఫోన్ ఫొటో నిష్పత్తి 4:3, ల్యాబులో 12×18 అంగుళాల సైజు 3:2. అడ్డ ఫొటోలో ఎత్తు తొమ్మిదో వంతు తెగుతుంది, కాబట్టి తీసేటప్పుడే తలల పైనా కాళ్ల కిందా చోటు వదలండి. ఫైలు వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. 12×18కి 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 3600×5400 పిక్సెళ్లు కావాలి, గోడకి తగిలించి దూరం నుంచి చూసేదానికి 200 డీపీఐ అయినా సరిపోతుంది.