ఒకే ఆకులో కణాల పని విభజనను సూక్ష్మదర్శినితో ఎలా చూడాలి?

కణాలు పనులను ఎలా పంచుకుంటాయో స్వయంగా చూడాలనుకునేవారు అడుగు భాగం ఊదారంగులో ఉండే రియో (ఒక అలంకరణ మొక్క) ఆకుతో మొదలుపెట్టడం మంచిది. ఇందులో వేర్వేరు పనులు చేసే కణాలు సహజంగానే వేర్వేరు రంగుల్లో ఉంటాయి కనుక రంజకం (కణాలకు రంగు అద్దే ద్రవం) అవసరమే ఉండదు.

తాజా ఆకును ఏటవాలుగా చీల్చి, చీలిన అంచున కనిపించే పలుచని ఊదా పొరను ఫోర్సెప్స్‌తో లాగి, స్లయిడ్ మీది నీటిచుక్కలో మడతలు లేకుండా పరచండి. కవర్ స్లిప్‌ను ముందు ఒక అంచు ఆనించి, ఆ తర్వాత మెల్లగా దించండి. నల్లని మందపాటి అంచుతో గుండ్రంగా కనిపించేవి గాలిబుడగలే గాని కణాలు కావు.

మొదట 10 రెట్ల వస్తుకటకంతో, తర్వాత 40 రెట్ల దానితో చూడండి. ఖాళీ లేకుండా ఒకదానికొకటి అతుక్కుని ఉన్న ఊదా కణాలు బాహ్యచర్మానివి. ఆకును కప్పి, నీరు వృథాగా ఆవిరి కాకుండా ఆపడం వాటి పని. వాటి నడుమ అక్కడక్కడా చిక్కుడు గింజల్లాంటి ఆకుపచ్చని కణాలు జంటగా ఉంటాయి. ఇవే పత్రరంధ్రాన్ని, అంటే ఆకులోకి గాలి వచ్చిపోయే సన్నని దారిని, తెరిచి మూసే రక్షక కణాలు. రంధ్రం వైపు వీటి గోడ మందంగా ఉండటం వల్ల, నీటితో ఉబ్బినప్పుడు ఇవి వెలుపలికి వంగి దారి తెరుస్తాయి. ఈ రెండు రకాల కణాలూ లేత ఆకు వెలుపలి పొర నుంచే పుట్టాయి, రెండింటిలోనూ ఉన్న జన్యువులు ఒకటే. ఏ కణంలో ఏ జన్యువులు పనిచేశాయన్నదే వాటి రూపాన్ని వేరుచేసింది.

ఇక్కడ తొందరపడకండి. కవర్ స్లిప్‌కు ఒక పక్క ఉప్పునీటి చుక్క వేసి, రెండో పక్క వడపోత కాగితాన్ని ఆనించి, ఉప్పునీరు పొర మీదికి చేరేలా లాగండి. కొద్ది నిమిషాల్లో ఊదా ద్రవం కణకవచాన్ని విడిచి లోపలికి ముడుచుకుంటుంది, నీరు కోల్పోయిన రక్షక కణాల మధ్య రంధ్రం మూసుకుంటుంది. ఆకారానికీ పనికీ ఉన్న సంబంధం ఇంత స్పష్టంగా కనిపించే ప్రయోగాలు తక్కువ.

కణజాలాలు కలిసి అవయవంగా ఎలా ఏర్పడతాయో తెలియాలంటే అడ్డుకోత కావాలి. మందార ఆకు ముక్కను క్యారెట్ ముక్కల మధ్య ఇరికించి, కొత్త బ్లేడుతో పలుచగా కోసి, నీటిలో తేలే ముక్కల్లో అన్నిటికన్నా పలుచనిదాన్ని ఎంచుకోండి. పైన నిలువుగా బారులు తీరిన పచ్చని కణాలు కాంతిని గ్రహిస్తాయి. కింద వదులుగా ఉన్న కణాల మధ్య గాలి తిరుగుతుంది. ఈనెలో నీటిని మోసే దారువు, ఆహారాన్ని మోసే పోషక కణజాలం ఉంటాయి. దారునాళాలు చనిపోయాకే నీటిని మోస్తాయి. పోషక కణజాలంలో ఆహారాన్ని మోసే చాలనీ నాళాల కణాలు కేంద్రకాన్ని వదులుకుని, పక్కనే ఉన్న సహకణాల మీద ఆధారపడి బతుకుతాయి.